ఫిల్టరు మీద చెంచా చప్పుడు

బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో తెల్లవారిందని చెప్పేది కోడి కాదు, బాలనర్సయ్య.

"ఫిల్టరు కొట్టినవ్," అనేవాడు మంచంలోంచి.

మాటుంగాలో మద్రాసీ హోటల్లో ముప్పై ఏళ్లు కాఫీ కలిపిన మనిషి. పక్షవాతం కుడిచేతిని పట్టుకుపోయింది గాని చెవుల జోలికి రాలేదు. డికాషన్ దానంతటదే చుక్క చుక్కగా దిగాలి, ఫిల్టరును చెంచాతో తడితే చేదు దిగుతుంది అనేది ఆయన చట్టం. కోడలు మంగళకు అంత తీరిక లేదు. వరస గదుల చాల్ మొత్తానికి ఒక్కటే నల్లా, అదీ ఆరున్నరకు ఆగిపోతుంది. అందుకని మెల్లగా తట్టేది. ఆయన ఎక్కడో వర్లిలో ఉన్నా వినేవాడు.

మూడేళ్లలో ఒక్క గ్లాసూ పాసు కాలేదు. పాలు పొంగించినవ్. చక్కెర సక్కగ తిప్పలే. ఎత్తు నుంచి పొయ్యలే.

ఆ రోజు నల్లా దగ్గర ఎవరో బిందె జరిపేశారని మంగళ ముందే మండిపోతోంది. "కొట్టినవ్," అన్నాడాయన.

"కొట్టిన మామా. రేపు ఇనుప హతోడాతోటి కొడ్త. పసంద్ లేకుంటె నువ్వే లేసి చేస్కో."

సమ్మెతో మిల్లు మూతపడి ఇంట్లోనే ఉంటున్న భర్త శివరాం, దుప్పటి ముసుగేసుకుని తటస్థ దేశంగా ఉండిపోయాడు.

బాలనర్సయ్య నిజంగానే లేచాడు. స్టవ్ దాకా నాలుగడుగులు. పూనా వెళ్లినంతసేపు పట్టింది. ఎడమచేత్తో ఫిల్టరు ఎత్తాడు. డికాషనంతా నేలపాలైంది.

మర్నాడు గ్లాసు ఖాళీ చేసి, "మంచిగుంది బిడ్డా," అన్నాడు.

మూడేళ్లుగా ఎదురుచూసిన మాట. మంగళకు భయమేసింది. గిన్నెలో మిగిలింది నోట్లో పోసుకుంది. చక్కెరే వెయ్యలేదు.

"ఇది మంచిగుందా మామా?"

"నాకేమెర్క. లకువా వచ్చి చెయ్యి పడిపొయ్యిన్నాడే నాలుకకు రుచి పొయ్యింది."

"మరి రోజు వంకలెట్ల పెడ్తివి?"

"చప్పుడు ఇని." ఆయన గోడవైపు తిరిగాడు. "వంక పెట్టుడొక్కటే మిగిలుండె నాకు. నిన్న అది గూడ కింద పోసుకున్న."

మంగళ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెంచా తీసి ఫిల్టరు మీద ఒక్కటిచ్చింది. నాలుగు గదుల అవతలి గంగవ్వ, ఏం కూలిందని అడిగింది.

అప్పుడు మంచంలోంచి ఆయన మాట వచ్చింది. "కొట్టినవ్."

ఆనాటి నుంచి నల్లా ఆగిపోయి తొందర లేకున్నా సరే, రోజూ కావాలనే కొట్టేది, తిట్లు తినేది. ఆ గది అంత సుఖంగా ఎన్నడూ లేదు.

వానలు మొదలైన వారం, ఒక పొద్దున కొట్టింది. మంచంలోంచి వచ్చే 'కొట్టినవ్' కోసం ఆగింది. మళ్లీ కొట్టింది.

ఫిల్టరులో డికాషన్ చుక్క చుక్కగా దిగే చప్పుడు, మొదటిసారి ఆమెకూ వినబడింది.