కుడిచేతి కెంపు

ఆదోని పత్తి మార్కెట్ దాటి స్టేషన్ వైపు పోతుంటే శేషన్న వేలం హాలు వస్తుంది. ఒకప్పుడు అది పత్తి గోడౌను. ఇప్పుడు అక్కడికి పాత టేకు బీరువాలు, ఇత్తడి గంగాళాలు, ఆగిపోయిన గోడ గడియారాలు ఎవరెవరి ఇళ్ల నుంచో వచ్చి ఇంకెవరెవరి ఇళ్లకో పోతుంటాయి. జ్యోతి అక్కడ పనికి చేరి ఏడాది దాటింది. పొద్దున ఎమ్మిగనూరులో బస్సెక్కి వస్తుంది. వేలం రోజున నగలు పళ్లెంలో పెట్టుకుని కొనేవాళ్ల ముందు తిప్పుతుంది. దీపాలు పెట్టే వేళకు తిరుగు బస్సెక్కుతుంది. పాత వస్తువులంటే ఆమెకు భయం లేదు. చనిపోయినవాళ్ల చీరలు కూడా బెరుకు లేకుండా మడత పెట్టేది.

ఆ ఆదివారం ఉంగరం తెచ్చినవాడు అజ్మతుల్లా, పత్తి వ్యాపారి. భార్య నాజ్నీన్ పోయి ఇంకా సంవత్సరం తిరగలేదు. ఉంగరం మధ్యలో చింతగింజంత కెంపు, చుట్టూ వజ్రాలు. మామూలుగా చూస్తే ఆ కెంపు నల్లగానే ఉండేది. వెలుతురు తగిలినప్పుడు మాత్రం లోపల ఎవరో నిప్పు ఊదినట్టు రగిలేది. అలాంటి రాయి బళ్లారి సావుకార్లు కూడా ఎరగరట.

పళ్లెంలో ఉంగరం పెడుతూ అజ్మతుల్లా గొంతు తగ్గించాడు. "ఏలికి పెట్టుకోవద్దమ్మా. పళ్లెంలోనే సూపించు."

"ఎందుకు భాయ్?"

ఆయన పోయి వెనక వరసలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం నుంచి ఆకు కదలలేదు. సాయంత్రానికి పడమట మట్టిరంగు మబ్బు లేచింది. ఫ్యాన్లు తిరుగుతున్నా ఒంటి మీద చెమట ఆరడం లేదు. ఉంగరం వంతు వచ్చేసరికి వేలం పాట మందగించింది. రాయిని చూసి అందరూ తలలూపుతున్నారు గానీ నోరు విప్పడం లేదు. శేషన్న జ్యోతి పక్కకు వచ్చి చెవిలో అన్నాడు.

"పళ్లెంలో ఉంటే అది రాయేనమ్మా. ఏలికి పెట్టి సూపియ్యి."

"భాయ్ వద్దన్నాడన్నా."

"పాట పాడించేది నేను. పెట్టు."

చూడడానికి అది పసిపిల్ల వేలికి కూడా పట్టేలా లేదు. జ్యోతి కుడిచేతి ఉంగరపు వేలి కొసకు ఆనించిందో లేదో, నూనె రాసినట్టు లోపలికి జారిపోయింది.

ముందు చలి తెలిసింది. బావినీళ్లలో వేలు ముంచినట్టు. అది మెల్లగా మణికట్టు దాకా ఎక్కింది. తర్వాత వాసన... తడిసిన రేగాకు, దాని వెనకే కర్పూరం. జ్యోతి చుట్టూ చూసింది. హాల్లో ఎక్కడా కర్పూరం లేదు.

పాట ఊపందుకుంది. బళ్లారి నుంచి వచ్చిన ముసలి సావుకారు లేచి, కంటికి భూతద్దం ఆనించుకుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి అలాగే కాసేపు ఉంచాడు. ఉంగరం సంగతి మరిచినట్టు ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమైంది సామీ?"

"నీ చేతికి నాడి లేదమ్మా," అన్నాడు గుసగుసగా. కండువా సర్దుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచాడు.

అప్పుడే గాలి విరుచుకుపడింది. రేకుల కప్పు దడదడలాడింది. వాకిట్లోంచి దుమ్ము లోపలికి కొట్టింది. కరెంటు పోయింది.

కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో దగ్గారు. జ్యోతి నిలబడ్డచోటే నిలబడింది.

చీకట్లో ఎవరో ఆమె కుడిచెయ్యి అందుకున్నారు.

ఆడవాళ్ల చేతులు. మోచేతి మీద నీళ్లు పడ్డాయి, గోరువెచ్చగా. ఆగి, ఇంకోసారి... వేళ్ల సందులు ఒక్కొక్కటే తోముతున్నారు, చంటిబిడ్డకు తోమినంత నెమ్మదిగా. జ్యోతి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఆ పట్టు వదల్లేదు. ఉంగరం దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు ఆగాయి. తిప్పి చూశాయి. లాగాయి. ఈసారి ఇంకా గట్టిగా లాగాయి...

"రాలేదు," అంది చెవి పక్కన ఒక గొంతు. "కత్తి తే."

జనరేటర్ అందుకుంది. దీపాలు వెలిగాయి. దరిదాపుల్లో ఎవరూ లేరు. ఆమె మోచేతి నుంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర మడుగు కట్టాయి. అందులో ఒక రేగాకు తేలుతోంది.

హాలు ఖాళీ అయిపోయింది. సబ్బుకూ నూనెకూ ఉంగరం కదల్లేదు. శేషన్న పోయి పట్టకారు తెచ్చాడు. అజ్మతుల్లా అడ్డం పడ్డాడు.

"ముట్టుకోవద్దన్నా. బడేబీని పిలుచుకొస్తా."

బడేబీ అజ్మతుల్లా వాళ్ల పేటలో చనిపోయిన ఆడవాళ్లకు ఆఖరి స్నానం చేయించే ముసలమ్మ. వస్తూనే జ్యోతి చెయ్యి చూసి, చీకట్లో జరిగింది విని కూలబడింది.

"నాజ్నీన్‌కు గుసుల్ చేయించింది నేనే బేటీ. కుడిచెయ్యి కడుగుతాంటే ఈ ఉంగరం రాలే. ఇంటి ఆడోళ్లు నన్ను బయటికి పొమ్మన్నారు. మళ్లా పిలిచేతలికి ఆ చేతికి గుడ్డ చుట్టేసినారు. ఇప్పి సూడనీలే. స్నానం కడదాకా జరగలే."

అజ్మతుల్లా తల దించుకున్నాడు. "నాకు తెల్దు. మొన్న మా అమ్మ పెట్టె తీస్తే ఇది దొరికింది. పెట్టెంతా కర్పూరం వాసన. ఇంట్లో పెట్టుకోలేక ఈడికి తెచ్చినా."

బడేబీ చెంబులో నీళ్లు తెప్పించింది. రేగాకు నలిపి, చిటికెడు కర్పూరం కలిపింది. పెదాలు కదుపుతూ జ్యోతి చేతి మీద పోసింది, ఆగిపోయిన స్నానం ముగించేదాకా. ఉంగరం దానంతట అదే జారి కింద పెట్టిన గిన్నెలో పడింది. ముసలమ్మ మణికట్టు పట్టి చూసింది.

"నాడి కొడతాంది," అంది. జ్యోతి ముఖం తేటపడింది. అజ్మతుల్లా ఉంగరాన్ని రుమాల్లో కట్టుకుని, దాన్ని నాజ్నీన్ సమాధి దగ్గరే పూడుస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

జ్యోతి వాకిట్లోకి వచ్చాక బడేబీ వెనక నుంచి అడిగింది. "మేము కుడిపక్క కడిగినాక ఎడమపక్క కడుగుతాం బేటీ. చీకట్లో నీకు కడిగింది కుడిచెయ్యి ఒకటే కదా?"

"ఒకటే అవ్వా."

"సాలు. పో తల్లీ."

గాలివాన వెలిసింది. ఎమ్మిగనూరు బస్సులో జనం పలచగా ఉన్నారు. కిటికీ పక్కన కూర్చుని జ్యోతి కుడిచెయ్యి గుండెకు ఆనించుకుంది. వెచ్చగానే ఉంది. భర్త వీరేష్‌కు ఫోన్ చేసి, వస్తాండానని చెప్పింది. ఊరు దాటాక డ్రైవరు లోపలి దీపాలు ఆర్పేశాడు. ఆమె కళ్లు మూతలు పడ్డాయి.

ఒళ్లో పెట్టుకున్న ఎడమచెయ్యి మీద గోరువెచ్చటి నీళ్లు పడ్డాయి.

కళ్లు తెరిచింది. పక్క సీటు ఖాళీ. అయినా ఎవరో ఆమె చెయ్యి తమ చేతిలోకి తీసుకున్నారు. మెత్తగా, ఏ తొందరా లేకుండా వేళ్ల సందులు తోముతున్నారు. జ్యోతి ఊపిరి బిగబట్టింది. తన వేళ్ల మధ్య దూరుతున్న ఆ వేళ్లు ఆమెకు ఒక్కొక్కటే తెలుస్తున్నాయి...

చిటికెన వేలుంది. నడిమి వేలుంది.

వాటి మధ్య వేలు లేదు.