నిద్రపోయిన కస్టమర్ని లేపకూడదు

పరుపుల కొట్టులో పనిచేసేవాడికి నిద్ర పట్టదంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ మన సేల్స్‌మన్ పరిస్థితి అచ్చంగా అదే. పగలంతా కనపడ్డవాళ్లందరికీ మెత్తదనం గురించి ఊదరగొట్టేవాడు. ఇంటికెళ్లి నడుం వాల్చగానే నెలాఖరు టార్గెట్ వచ్చి పక్కన కూర్చునేది. పైగా కొట్టు సొంత మేనమామది. అందుకని తిట్లు కూడా ఇంటిదాకా వెంట వచ్చేవి.

ఆ మధ్యాహ్నం రన్నింగ్ షూస్ వేసుకున్న ఒకమ్మాయి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఎదుటి బిల్డింగ్ కింద ఉన్న జిమ్‌లో ట్రైనర్ అని ఆమె టీషర్టే చెబుతోంది.

"మా అమ్మకి నడుం నొప్పి. కాస్త గట్టి పరుపు చూపించండి," అంది.

"తప్పకుండా మేడమ్. మంచి నిద్ర ఉంటేనే మంచి ఆరోగ్యం. దీని మీద పడుకుంటే స్ట్రెస్ అంతా..."

"మీరు దీని మీదే పడుకుంటారా?"

"ఇలాంటిదే."

"మరి కళ్ల కింద ఆ నలుపేంటండీ? మసి పూసుకున్నట్టుంది."

అతనికి చురుక్కుమంది. "మీరు లోపలికొచ్చినప్పట్నుంచీ ఆవలిస్తూనే ఉన్నారు. మీ జిమ్‌లో నిద్ర గురించి చెప్పరా?"

"ఎందుకు చెప్పం? పెందరాళే పడుకోండి, ఫోన్ పక్కన పెట్టండి, ఒంటికి పని చెప్పండి, మనసుకి రెస్ట్ ఇవ్వండి అని రోజూ నోరు నొప్పెట్టేలా చెప్తాను. తెల్లారకముందు ఒక బ్యాచ్‌కి, పొద్దుపోయాక ఇంకో బ్యాచ్‌కి. ఇక నేను పడుకునేదెప్పుడు?"

అంటూనే పరుపు మీద కూర్చుని నొక్కి చూసింది. "కాసేపట్లో ఎదుటి బిల్డింగ్ పై అంతస్తులో నాకు డెమో ఉంది. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలాగో ఆఫీసు వాళ్లకి చెప్పాలి. నచ్చితే పర్మనెంట్ ఉద్యోగం, ఈ రెండు పూటల పరుగూ తప్పుతుంది. ఒక్క ఐదు నిమిషాలు పడుకుని చూస్తాను. లేపడం మర్చిపోరుగా?"

"భలేవారే. నేను లేపకపోతే అడగండి."

ఆమె తల వాల్చిందో లేదో, నిద్రలోకి జారిపోయింది.

కౌంటర్ వెనక నుంచి మావయ్య వేలు ఆడించాడు. ఆ కొట్టులో ఉన్నది ఒకటే చట్టం, నిద్రపోయిన కస్టమర్ని లేపకూడదని. తనంతట తాను లేచిన కస్టమర్ బేరం ఆడడని ఆయన గట్టి నమ్మకం.

"మావయ్యా, ఆమెకి అర్జెంటు పని ఉందట."

"అర్జెంటు పని ఉన్నవాళ్లు గుర్రు పెడతారేంట్రా? నువ్వు నోరు మూసుకో."

అయినా మాట మాటే కదా. అతను స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, గోడ గడియారం మీదే చూపు నిలిపాడు. గయ్యాళి అనుకున్న మనిషి ఎంత ప్రశాంతంగా నిద్రపోతోందో అనుకున్నాడు. ఆమె ఊపిరి మెల్లగా వస్తోంది, మెల్లగా పోతోంది. తెలియకుండానే అతని ఊపిరి కూడా అదే దారి పట్టింది. ముల్లు ఎక్కడుందో చూద్దామని ఒకసారి కళ్లు చిట్లించాడు. మళ్లీ తెరవలేదు.

తెరిచేసరికి కొట్టు అద్దాల బయట జనం గుంపుగా నిలబడి ఉన్నారు. మావయ్య ముఖం వెలిగిపోతోంది.

"ఒరేయ్, మీ ఇద్దర్నీ చూసి ఇప్పటికే ముగ్గురు అడ్వాన్స్ ఇచ్చారు. రోజూ ఇలాగే పడుకోండిరా."

ఆ మాటకి ఆమె లేచింది. గడియారం చూసింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"నన్ను పడుకోబెట్టి పరుపులు అమ్ముకున్నారన్నమాట."

"అయ్యో, అది కాదండీ. నాకూ నిద్ర పట్టేసింది. నిజానికి నాకు ఎప్పుడూ పట్టదు. ఇవాళే..."

చెప్పేది నిజమే గానీ, అది అతని చెవికే అబద్ధంలా వినిపించింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈ ఉద్యోగం మీద ఎంత ఆశ పెట్టుకున్నానో మీకేం తెలుసు?"

అతను ఇంకేం వినలేదు. రోడ్డు దాటి పరుగెత్తాడు. లిఫ్టు రిపేరులో ఉంది. కౌంటర్ నుంచి గోడౌన్‌కి నడిస్తేనే ఆయాసపడే మనిషి, మెట్లన్నీ ఒక్క దమ్మున ఎక్కేశాడు. హాల్లో స్టాఫ్ విసుగ్గా కుర్చీల్లోంచి లేస్తున్నారు.

"మేడమ్, ఆమె తప్పు... కాదు... నా..." అంటూ హెచ్.ఆర్. మేడమ్ ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"ఎవరితను? ఎవరైనా అంబులెన్స్‌కి ఫోన్ చేయండి," అని ఆవిడ కంగారుపడింది.

అప్పటికే అతని వెనకే ట్రైనర్ వచ్చేసింది. ఆమె నుదుట చెమట కూడా లేదు. కోపం మర్చిపోయి అతని ముందు గొంతుక్కూర్చుంది.

"నన్నే చూడండి. ముక్కుతో లోపలికి, మెల్లిగా. తొందరేం లేదు. ఇప్పుడు నోటితో వదలండి, వేడి కాఫీ ఊదినట్టు. ఆ భుజాలు దించండి, చెవులదాకా మోస్తున్నారు."

హెచ్.ఆర్. మేడమ్ భుజాలు కూడా దిగాయి. అకౌంట్స్ ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు. కాసేపటికి హాలంతా ఒకే ఊపిరి తీసుకుంటోంది.

"బాగుంది," అంది మేడమ్. "డెమో కోసం మీరే ఇతన్ని ఇలా తీసుకొచ్చారా?"

అవునంటే సరిపోయేది. ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదండీ. నేను నిద్రపోయాను, అందుకే ఆలస్యమైంది. అందరికీ చెప్పే జాగ్రత్తలు నేనే పాటించడం లేదు."

మేడమ్ స్టాఫ్ వైపు తిరిగింది. "మీలో సరిగ్గా నిద్రపోతున్నవాళ్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు.

"అబద్ధం చెప్పనివాళ్లే మాకు కావాలి. వచ్చే నెల నుంచి రండి. క్లాసులు పగలే పెట్టుకోండి, మీరూ పడుకోవాలి కదా."

దిగేటప్పుడు ఇద్దరూ సగం మెట్ల దగ్గర ఆగారు. అతని కాళ్లు ఇక దిగనన్నాయి మరి.

"ఒక మాట చెప్పాలండీ," అన్నాడు. "ఎన్నో నెలల తర్వాత ఇవాళే కంటినిండా నిద్రపోయాను. పరుపు గొప్ప అనుకుందామంటే నేనున్నది స్టూలు మీద. మీరు పక్కనుంటే నాకు హాయిగా ఉంది. మీరంటే ఇష్టం కలిగింది. ఈ మాట చెప్పకుండా కిందకి దిగితే నాకు మళ్లీ నిద్ర పట్టదు."

ఆమె అతని మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "ఇంకా తగ్గలేదు. రేపట్నుంచి పొద్దున్నే నాతో వాకింగ్‌కి రావాలి."

"ఇది మెట్ల వల్ల కాదండీ."

ఆమె పైకి చూసింది, కిందకి చూసింది. ఎవరూ రావడం లేదని తేలాక తన మణికట్టు అతని వేళ్ల మధ్య పెట్టింది.

"మెట్లెక్కడం నా పని. అలసటే తెలీదు నాకు. మరి నాదెందుకు ఇంత వేగంగా కొట్టుకుంటోందో చెప్పండి చూద్దాం."