గాస్పార్ రాయి దగ్గర గొణుగుడు

మా సరస్సు ఒడ్డున గాస్పార్ రాయి ఉంది చూశారూ... చీకటి పడ్డాక అటు ఎవరూ పడవ తిప్పరు. రెండొందల ఏళ్ల కిందట బీవర్ అనే నీటి జంతువు తోళ్లు కొనే గాస్పార్ కొట్టు అక్కడే ఉండేదట. ఇప్పుడదంతా నేషనల్ పార్కు. కొట్టు లేదు, గాస్పార్ లేడు — గొణుగుడు మాత్రం వినిపిస్తుందంటారు.

ఇది మా పక్కింటి ఒడీల్ చెప్పింది. పార్కులో పనిచేస్తుంది. గాస్పార్ వంశంలో పిల్లే!

ఓ అక్టోబరులో పార్కువాళ్లు ఆయన జ్ఞాపకంగా రాయికి ఇత్తడి ఫలకం బిగించి, పైన టార్పాలిన్ కప్పారు. తెల్లారితే ఆవిష్కరణ. సాయంత్రం గాలి లేచింది. కప్పు ఎగిరిపోతుందేమోనని ఒడీల్ తాడు పట్టుకుని బయల్దేరింది.

చెట్ల కింద అప్పటికే చీకటి. రాయి ఇంకా కనపడలేదు... గొణుగుడు వినపడింది.

ఒడీల్ ఆగింది. గొణుగుడూ ఆగింది.

కాస్త ముందుకెళ్లింది. మళ్లీ — ముసలి గొంతు. ఫ్రెంచీ, ఇక్కడి ఆదివాసుల క్రీ కలగలిసిన మా పాత మిషిఫ్ భాష!

టార్పాలిన్ ఉబ్బింది... లోపల వెలుతురు... కింద రెండు బూట్లు!

"ఎ... ఎవరది?" అంది ఒడీల్.

"అమ్మో!" అని కేక పెట్టింది టార్పాలిన్.

కప్పు తోసుకుని బయటపడ్డవాడు మొయీస్ తాత, ఒడీల్ నాయనమ్మకి తమ్ముడు. చేతిలో టార్చిలైటు, గడ్డం నిండా రొట్టె పొడి.

"నువ్వటే పిల్లా! గుండె ఆగినంత పనైంది!"

"నీకా, నాకా? ఇక్కడేం పని తాతా?"

ముసలాయన గొంతు తగ్గించాడు. "రేపు మన భాషలో నాలుగు ముక్కలు మాట్లాడాలి కదే. సగం మాటలు మరిచిపోయాను. నలుగురిలో నోరు పెగలకపోతే, ఇక ఆ భాష చచ్చిందనుకోరూ? ఇంట్లో చదివితే అందరూ నవ్వుతారు. అందుకే..."

ఒడీల్‌కి నవ్వాగలేదు. ఇద్దరూ కలిసి తాడు బిగించసాగారు.

"పోనీలే, నువ్వు రావడం మంచిదైంది," అన్నాడు తాత. "తడుముకున్నప్పుడల్లా రాతి వెనకనుంచి మాట అందించావు చూడు — అచ్చం మా పెద్దవాళ్లు పలికినట్టే! ఎప్పుడు నేర్చావే?"

ఒడీల్ చేతిలో ముడి అలాగే ఉండిపోయింది.

"తాతా... నేనిప్పుడేగా వచ్చాను. నాకా భాష ఒక్క ముక్క రాదు."

ఇద్దరూ రాయివైపు చూశారు. చడీ చప్పుడూ లేదు...

ఉన్నట్టుండి మొయీస్ తాత పకపకా నవ్వి, టోపీ ఎత్తాడు. "సరే పెద్దాయనా! రేపు పొద్దున్నే. ఆలస్యం చేయకు!"

మర్నాడు తాత మాట్లాడింది నేనూ విన్నాను — ఒక్క తప్పు లేదు. మైకు దగ్గరికి రమ్మని ఎందరు పిలిచినా కదలకుండా, రాతికి వీపు ఆనించే మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు మాత్రం ఆగి... చెవి వెనక్కి ఒగ్గాడు.