పెద్దావిడ చల్లారేదాకా

"ఏవండీ, ఆ ఇంజనైనా ఆపండి, లేదంటే ముందుకైనా కదలండి! మా రాజుగారు ఇందాకట్నుంచి చావలేకపోతున్నారు!"

ఆమె ఉలిక్కిపడి కారు అద్దం దించింది. కింద వాటాలోకి కొత్తగా అద్దెకు దిగినతను, మెడలో హెడ్‌ఫోన్స్, చేతిలో కాగితాలు, కళ్ళల్లో నిప్పులు.

"ఏ రాజుగారండీ?"

"కథలో రాజుగారు. నేను ఆడియో పుస్తకాలు చదువుతాను. ఆ కిటికీ పక్కదే నా రికార్డింగ్ గది. ఆయన ప్రాణం వదలబోయే టైముకి మీ కారొచ్చి గుర్రుమంటుంది. మళ్ళీ మొదట్నుంచి చంపుకోవాలి."

"గుర్రుమనడం కాదండీ అది. టర్బో ఇంజన్. హైవే మీద పరిగెత్తి వచ్చాక టక్కున ఆపేస్తే, లోపల గాలి నెట్టే ఆ టర్బో వేడికి పాడవుతుంది. రెండు నిమిషాలు ఆవిడ్ని చల్లారనివ్వాలి."

"ఆవిడా?"

"పెద్దావిడ. అలాగే పిలవాలి."

అతను కారును ముందు నుంచి వెనకదాకా చూశాడు. "సెకండ్ హ్యాండ్ కారుకి ఇంత మర్యాదా?"

అంతే, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సెకండ్ హ్యాండ్ మీకు. నాకిదే ఫస్ట్!" అని అద్దం పైకెత్తేసింది. పంతానికి ఇంకో నిమిషం ఎక్కువే ఉంచింది ఇంజన్ని.

కోపం రాదూ మరి! ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. పడిపోయినవాళ్ళను లేపి నడిపించే ఉద్యోగం. ఆ చేతుల కష్టంతో కొనుక్కున్న కారది. నల్లటి సెడాన్, తోలు సీట్లు, తలుపు వేస్తే బీరువా మూసినంత నిండైన చప్పుడు. కొన్న కొత్తల్లో ఆయిల్ కారింది, టర్బో గొట్టం పగిలింది, డ్యాష్‌బోర్డు మీద రోజుకో దీపం వెలిగింది. "అమ్మేసి చిన్న కారు కొనుక్కోవే" అన్నవాళ్ళే అందరూ. ఆమె వింటేనా! ఒక్కో జబ్బూ నయం చేయించుకుంటూ వచ్చింది. ఇప్పుడు హైవే ఎక్కి కాలు అదిమితే ఒక్క క్షణం ఆగి, వెనక నుంచి ఎవరో అరచేత్తో నెట్టినట్టు దూసుకుపోతుంది. ఆ క్షణంలో ఆమెను చూడాలి, మహారాణి కూడా దిగదుడుపే.

ఇంట్లో మాత్రం ఆ గొప్ప చెల్లదు. నాన్న రిటైరైన బస్సు డ్రైవరు. ఘాట్ రోడ్డు మీద టర్బో బస్సు నడిపిన మనిషి. "ఇంకొకడు వదిలించుకున్న బండి" అన్నాడు మొదటిరోజే. ఆ తర్వాత అందులో కాలు పెడితే ఒట్టు.

మర్నాడు సాయంత్రం అతను మళ్ళీ బయటికొచ్చాడు. ఈసారి కళ్ళల్లో నిప్పుల్లేవు.

"మీకు శుభవార్త. రాజుగారు పోయారు."

ఆమెకు నవ్వాగలేదు. "ఎలా పోయారు?"

"మీరు ఆసుపత్రికి వెళ్ళాక ప్రశాంతంగా."

అలా మొదలైంది. రోజూ ఆమె కారు ఆ కిటికీ ముందు ఆగడం, అతను విసుక్కుంటున్నట్టు తలుపు తీసుకుని రావడం, ఇంజన్ చల్లారేదాకా వాదించుకోవడం. ఆమె అతనికి 'రేడియో' అని పేరు పెట్టింది. టర్బో ఎలా తిరుగుతుందో, వేడి పొగే దాన్ని ఎలా తిప్పుతుందో చేతులు తిప్పుతూ పాఠం చెప్పింది. అతను దయ్యం గొంతు, ముసలమ్మ గొంతు, అలిగిన రాణి గొంతు వినిపించాడు.

"ఆ రాణి గొంతు నాదిలా ఉందేంటి?"

"ఎదురుగా ఉన్న గొంతునే కాపీ కొట్టాను."

ఒకరోజు పెద్దవాన. గొడుగు పట్టుకొచ్చి అద్దం దగ్గర నిలబడ్డాడు. గొడుగు తలకే సరిపోయింది, మిగతా మనిషంతా ముద్ద.

"ఎక్కండి! తోలు సీటు, దిగేటప్పుడు తుడిచి దిగాలి మరి."

అతను ఎక్కాడు. కూర్చోగానే మెత్తగా సీట్లోకి కూరుకుపోయాడు. వైపర్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. "పెద్దావిడ దగ్గర ఇంత హాయిగా ఉంటుందా!" అన్నాడు చివరికి, ఏ దొంగ గొంతూ లేకుండా, తన సొంత గొంతుతో. ఆ రోజు ఇంజన్ రెండు నిమిషాల్లో చల్లారలేదు. వాన కూడా సాయం పట్టింది.

ఆ వారమే సర్వీసింగుకి వెళ్ళినప్పుడు మెకానిక్ బాబాయ్ బాంబు పేల్చాడు.

"ఇంటి ముందు చల్లార్చడమెందుకమ్మా? హైవే దిగాక మీ సందు దాకా స్పీడ్‌బ్రేకర్ల మీద నెమ్మదిగానే పాకుతావుగా. ఇల్లు చేరేసరికి ఎప్పుడో చల్లారిపోయి ఉంటుంది. ఆపేసెయ్, పెట్రోలు దండగ."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఆమె అన్నాళ్ళూ వాదించింది. ఇప్పుడా రేడియో ముందు నిలబడి "తప్పండీ" అనాలా? పరువేం కాను? పరువొక్కటే అయితే ఎలాగో మింగేసేది. ఇంజన్ ఆపేస్తే అతను బయటికి రాడు. అసలు దిగులు అదీ. అందుకని మాట గుండెలోనే దాచుకుని, రోజూ ఇంజన్ గుర్రుమనిపిస్తూనే ఉంది.

నెల తిరిగేసరికి అతనే ఒక సాయంత్రం నేల చూస్తూ చెప్పాడు.

"ఇక్కడ చప్పుడెక్కువని మొదట్లో కంపెనీకి చెప్పాను. ఇప్పుడు ఊరవతల స్టూడియో, పక్కనే ఉండటానికి గది ఇస్తామంటున్నారు. రేపు ఏ సంగతో చెప్పాలి."

"మంచిదేగా," అంది ఆమె.

"మంచిదేనంటారా?"

"చప్పుడుండదుగా మీకు."

ఆమె ఇంకేదైనా అంటుందేమోనన్నట్టు అతను నిలబడ్డాడు. ఆమె స్టీరింగు వదలకుండా ముందుకే చూసింది. వెళ్ళొద్దు అన్న ఒక్క మాటకి పంతం అడ్డొచ్చింది.

భోజనాల దగ్గర ఆమె గిన్నెల మీద ప్రతాపం చూపిస్తుంటే నాన్న తలెత్తకుండా అన్నాడు. "ఎత్తు ఎక్కలేనప్పుడు గేరు దించుతాం తల్లీ. దించితే బండికి పరువు తక్కువేం కాదు. దించనివాడే మధ్యలో ఆగిపోతాడు."

"నేను బండి గురించి మాట్లాడట్లేదుగా నాన్నా!"

"నేనూ మాట్లాడట్లేదు. పప్పు ఇటు పెట్టు."

మర్నాడు ఆమె సందులోకి వచ్చింది, కిటికీ ముందు ఆగింది, టక్కున ఇంజన్ ఆపేసింది. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం.

అప్పటికే గుమ్మంలోకి వచ్చిన అతను చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? పెద్దావిడకి ఏమైంది?"

"ఏం కాలేదు. ఆపేశాను."

"మరి టర్బో?"

"చల్లార్చక్కర్లేదట."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. వాన రోజు తర్వాత నాకు తెలిసింది." ఆమె కారు దిగి అతని ఎదురుగా నిలబడింది. మొహం ఎర్రబడిపోయినా చూపు దించలేదు. "తెలిసీ రోజూ ఆన్‌లో పెట్టాను. మీరొస్తారని. నాకు తప్పొప్పుకోవడం రాదు, బతిమాలడం అసలు రాదు. అయినా చెప్తున్నా, వెళ్ళొద్దు. మీరంటే నాకిష్టం."

అతను నెమ్మదిగా నవ్వడం మొదలుపెట్టాడు.

"నవ్వుతారేం? ఒళ్ళు మండుతోంది నాకు!"

"రండి." కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అద్దం మీద వేలితో కొట్టాడు. ఒకటి కాదు, రెండు అద్దాలు, మధ్యలో ఖాళీ. "మా రాజుగారు పోయాక వారానికే వేయించాను. బయట పిడుగు పడ్డా లోపలికి వినపడదు."

"మరి నేనొచ్చానని ఎలా తెలిసేది?"

"సాయంత్రం అయ్యేసరికి చదవడం మానేసి సందు మొదట్లోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇంత గొప్ప గొంతున్నవాణ్ణి, నిజం చెప్పడానికి మాత్రం గొంతు పెగల్లేదు." అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "రావట్లేదని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. పదండి, పెద్దావిడకి చెబుదాం."

ఇద్దరూ కారెక్కారు. ఏం చెయ్యాలో తోచక ఆమె ఇంజన్ ఆన్ చేసింది. చేసీ చెయ్యగానే సిగ్గేసి, ఆపబోయింది.

"ఆపకమ్మా!" పైన బాల్కనీలోంచి నాన్న కేక. "టర్బో చల్లారాలిగా!"

ఆమె తల బయటపెట్టింది. "నాన్నా! నీకూ తెలుసా?"

"ఘాట్ రోడ్డు మీద టర్బో బస్సు నడిపినవాణ్ణి. ఈ సందులో చల్లారేదేంటో నాకు తెలీదా?" చొక్కా గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి వేసి, ఇంజన్ చప్పుడు కాసేపు విన్నాడు. పెద్ద పెద్ద బళ్ళను చూసిన ఆ మొహం మెల్లగా విప్పారింది. "పాడుబండిని తెచ్చి ఎలా నిలబెట్టావే! నా కూతురివి అనిపించుకున్నావ్."

ఆమె కళ్ళు చెమర్చాయి. అతను గబుక్కున దిగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమయ్యా రేడియో, మీ అమ్మానాన్నలు ఆదివారం ఇంట్లో ఉంటారా?"

"ఉంటారండీ!"

"అయితే వస్తున్నామని చెప్పు. మన పెద్దావిడలోనే వెళ్దాం." నాన్న డ్రైవరు సీటు తలుపు తీసి, కూతురి వైపు చెయ్యి చాపాడు. "స్టీరింగు మాత్రం నాది. జరుగమ్మా, ముందు అలా ఓసారి హైవే దాకా పోయొద్దాం."

ఆమె గర్వంగా పక్క సీట్లోకి జరిగింది.