మంచుతెరలోకి వెళ్లిన పుట్టి

రత్నకూట రాజ్యాన్ని కీర్తిధవళుడు పాలించే రోజుల్లో, భద్రవేణి నదికి అడ్డంగా రెండు కొండల నడుమ గొప్ప ఆనకట్ట లేచింది. దాని వెనుక నీళ్లు నిలిచి, కనుచూపు మేర జలాశయమైంది. తూముల గుండా పారిన నీటితో దిగువ పొలాలు మూడేళ్లు విరగపండాయి. జాలరులు వలలు లాగలేనన్ని చేపలు పట్టారు.

నాలుగో ఏడు వేసవిలో విచిత్రమైన ఆపద వచ్చిపడింది. ఒక ఉదయం జలాశయం మధ్యన తెల్లని మంచుతెర లేచింది. ఆ క్షణం నుంచి నీళ్లు తూముల దగ్గర గోడలా నిలబడిపోయాయి. తలుపులు బార్లా తెరిచినా ఒక్క చుక్క కిందికి దిగలేదు. మంచులోకి వెళ్లిన జాలరులు తిరిగి రాలేదు. వాళ్ల కోసం రాజు పంపిన పెద్ద నావలు సుడిగుండంలో చిక్కి ముక్కలయ్యాయి. సైనికులు ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. దిగువన పైర్లు వాడిపోసాగాయి.

"జలాశయాన్ని ఈ పీడ నుంచి విడిపించినవారికి దాని మీద సర్వాధికారం ఇస్తాను" అని రాజు చాటింపు వేయించాడు.

ఆ చాటింపు విన్నవాళ్లలో సుంకులు అనే పదహారేళ్ల పిల్ల ఉంది. ఆమె తండ్రి మద్దిలేటి మంచులోకి వెళ్లి అప్పటికి నలభై రోజులు. సుంకులుకు అధికారంతో పనిలేదు, తండ్రి కావాలి. ఆమె వెదురు బద్దలతో పెద్ద బుట్టలాంటి పుట్టి అల్లింది. దానికి బర్రెతోలు బిగించి, అతుకులన్నిటికీ తారు పూసి, రెండు రోజులు ఎండబెట్టింది.

"ఓడలే నిలవలేదు, ఈ బుట్ట నిలుస్తాదా పాపా?" అని అవ్వ కళ్లు ఒత్తుకుంది.

"ఓడకు ముందూ ఎనకా ఉంటాది గాబట్టి ఇరిగిపోయిందవ్వా. పుట్టికి అవేమీ లేవు. నువ్వు సంగటి కెలికి పెట్టు, నాయన్ను తోలుకొస్తా" అంది సుంకులు. తల్లి లేని పిల్లను పెంచిన ఆ అవ్వ తన కంబళిని తెచ్చి మనవరాలి భుజాన వేసింది.

సుంకులు పుట్టిలో ఒక అంచున మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డుతో నీటిని తనవైపు లాక్కుంటూ సాగింది. రెండు ఆమడలు వెళ్లేసరికి నీళ్లు గుడగుడలాడి, పెద్ద సుడిగుండం నోరు తెరిచింది. దాని నడుమ నుంచి నాచు జడలు వేలాడుతున్న రాక్షసుడొకడు లేచాడు.

"నేను సుడికేశుణ్ణి! నావలనే నమిలి ఉమ్మేశాను. నీ బుట్టను గిరగిరా తిప్పి ముంచేస్తాను!" అని వాడు గర్జించాడు.

"తిప్పు మామా! ఎంత గట్టిగా తిప్పుతావో చూస్తా" అంటూ సుంకులు తెడ్డు ఒళ్లో పెట్టుకుని పుట్టి నట్టనడుమ కూర్చుంది.

రాక్షసుడు అంచు పట్టుకుని తిప్పాడు. గుండ్రటి పుట్టి నీటితోపాటే హాయిగా తిరిగింది. పాకే వయసు నుంచీ పుట్టిలో తిరిగిన పిల్లకు అదొక లెక్కా! ఆమె పకపకా నవ్వేసరికి వాడికి రోషం పొడుచుకొచ్చింది. పుట్టి వెంట పరుగెత్తుతూ ఇంకా తిప్పాడు, ఇంకా తిప్పాడు. చివరికి వాడికే కళ్లు బైర్లు కమ్మాయి. "ఓయమ్మో, కొండలు తిరుగుతున్నాయి!" అంటూ తలపట్టుకుని అడుక్కి జారిపోయాడు. సుడి చల్లారింది.

సుంకులుకూ కొంచెం తల తిరగకపోలేదు. ఎదురుగా నీటిలో మునగక మిగిలిన కొండ శిఖరం కనిపిస్తే, పుట్టిని అక్కడ ఆపింది. రాతి మీద ముసలి ముని ఒకరు పాదాలు నీళ్లలో ఆడిస్తూ కూర్చుని ఉన్నారు.

"రా తల్లీ! ఈ ఆనకట్ట నాకు మేలే చేసింది. ఒకప్పుడు స్నానానికి ఒక పూటంతా కొండ దిగేవాణ్ణి. ఇప్పుడు నదే నా గడపలోకొచ్చింది" అని ఆయన నవ్వారు. సుంకులు తన కథ చెప్పగానే ఆ నవ్వు ఆగింది.

"ఇది మీనమాత శాపం. చేపలన్నిటికీ తల్లి ఆమె. మంచు నడుమ ఉంటుంది. అక్కడ వల ఎత్తినవాళ్లను కదలనివ్వదు. ఆమె ముందు ఒక్క అబద్ధమాడినా నీ పుట్టి కూడా కదలకుండా నిలిచిపోతుంది. జాగ్రత్త!"

ఆయన పెట్టిన నేరేడుపండ్లు తిని, సుంకులు మంచుతెరలోకి ప్రవేశించింది. లోపల ఆరు పుట్లు బొమ్మల్లా నిలిచి ఉన్నాయి. వాటిలో ఒకదానిలో మద్దిలేటి వల విసరబోతూ, చేతులు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "నాయనా!" అని ఆమె ఎంత పిలిచినా రెప్ప కదపలేదు.

అప్పుడు నీళ్లు చీలి మీనమాత పైకి తేలింది. ఆమె కన్ను ఒక్కటే సుంకులు పుట్టి అంత ఉంది.

"నా బిడ్డలను తిన్నావా?" అని ఆ చేప అడిగింది.

సుంకులు తల వంచలేదు. "తిన్నానమ్మా. పళ్లు వచ్చినప్పటి నుంచీ తింటానే ఉండా. గుడ్లు పెట్టే నెలల్లో మాత్రం మావాళ్లు వల ముట్టరు."

మీనమాత పుట్టి దగ్గరికి జరిగింది. "నిజం చెప్పావు. మరి నా నిజం విను. ఏటా తొలకరికి నా బిడ్డలు దిగువ నుంచి నా దగ్గరికి ఎదురీదేవారు. మీ రాజు గోడ కట్టాడు. మూడేళ్లు ఎదురుచూశాను. నా బిడ్డలు నన్ను చేరేదాకా ఈ నీరూ కదలదు, ఈ మనుషులూ కదలరు అని శపించాను."

"అయ్యో తల్లీ! నీళ్లు దిగక కింద ఏరంతా ఎండిపోయింది. నీ బిడ్డలు ఆనకట్ట మొదట్లో ఒక మడుగులో ఊపిరాడక కొట్టుకుంటాండారు. ఈ పొద్దు గూకేసరికి ఆ మడుగు కూడా ఉండదు!"

మీనమాత ఒళ్లు వణికింది. జలాశయమంతా అలలు లేచాయి. "ఎంత పని చేశాను! కానీ అన్న మాట నేనైనా వెనక్కి తీసుకోలేను. బిడ్డలు ఈ నీటిని తాకితేనే శాపం పోతుంది. నీకు దారి విడుస్తాను, వెళ్లు!"

సుంకులు తన కంబళిని తండ్రి భుజాల చుట్టూ కప్పింది. ఆయన్ను అక్కడ వదిలి వెనుదిరగడం, సుడిని దాటడం కన్నా కష్టమైంది. ఐనా తెడ్డు ఆపలేదు. వెనుక నుంచి మీనమాత తోసిన అల పుట్టిని గాలిలా ఒడ్డుకు చేర్చింది.

ఆమె కేకలకు ఊరంతా పరుగున వచ్చింది. అందరూ మడుగులోకి దిగి, బంగారు రెక్కల చేపలను దోసిళ్లతో ఎత్తి, కిందికి దించి నీళ్లు నింపిన పుట్టిలో వదిలారు. నీటిని లోపలికి రానివ్వని తోలు, బయటికీ పోనివ్వలేదు. కానీ ఆ బరువుతో ఆనకట్ట మెట్లు ఎక్కడం ఎట్లా? ఎనిమిదిమంది మోస్తుంటే సగం దారిలో ఒకడి కాలు జారి పుట్టి ఒరిగింది. అప్పుడే వచ్చిన రాజు తలపాగా తీసి అవతల పెట్టి, ఒరిగిన అంచు కింద తన భుజం ఆనించాడు.

"నడవండి! గోడ కట్టినవాణ్ణి నేనే కదా" అన్నాడు.

సూర్యుడు కొండ అంచును తాకుతుండగా చేపలు జలాశయంలోకి దూకాయి. మంచుతెర ఒక్కసారిగా కరిగిపోయింది. తూముల్లోంచి నీరు ఉరుములా దిగువకు దూకింది. దూరాన ఆరు పుట్లు ఒడ్డుకు వస్తూ కనిపించాయి.

మద్దిలేటి దిగుతూనే కూతుర్ని తేరిపార చూశాడు. "వల ఇప్పుడే కదా ఎత్తినా! ఈ కంబళి ఎవరు కప్పినారు? నువ్వెందుకు ఏడుస్తాండావు పాపా?" సుంకులు ఆయన చెయ్యి పట్టుకుంది.

రాజు మాట తప్పలేదు. జలాశయం మీద సుంకులు వేసిన మొదటి ఆజ్ఞలు రెండు. చేపలు ఎక్కివచ్చేందుకు ఆనకట్ట పక్కన మెట్లమెట్లుగా ఒక కాలువ తవ్వాలి. గుడ్ల కాలంలో ఎంతటివాడైనా వల వేయకూడదు.

మరుసటేడు తొలకరి జల్లు పడగానే జనం ఆ కాలువ గట్లకు చేరారు. మొదటి మెట్టు మీదికి ఒక చేప ఎగిరింది, జారింది, మళ్లీ ఎగిరి నిలిచింది. దాని వెనుక పది, వాటి వెనుక వందలు. వానలో తడుస్తూ పిల్లలు చప్పట్లు కొట్టారు, రాజూ కొట్టాడు. చివరి చేప పైమెట్టు దాటేదాకా సుంకులు అక్కడే నిలబడి చూసింది. తరువాత తండ్రితో కలిసి, ఆకలి కరకరలాడుతుండగా, ఇంటికి నడిచింది.