మైనస్ ఎనిమిది, నూటనలభై

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు ముందు తూటా కొరియర్ వైకుంఠరావు ఛాతీలో దిగింది. వ్యాపారి వేషంలో అక్కడే కాచుకుని ఉన్న ఏజెంట్ యుగంధర్ అతణ్ణి పట్టుకున్నాడు.

"మోహిని పంపింది... మైనస్ ఎనిమిది... నూటనలభై." కొరియర్ తల వాలిపోయింది.

మోహిని డబుల్ ఏజెంట్. విదేశీ ముఠా నాయకుడు కోర్విన్ పక్కనే ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి సమాచారం చేరవేస్తోంది. సుమ్మాదేవి స్టేషన్ మీదుగా వెళ్ళే నేవీ ఇంధన రైలును పేల్చే డ్రోన్ ఎక్కడుందో చెప్పే కోడ్ అది. పూండి స్టేషన్ కేంద్రం. మొదటి అంకె కిలోమీటర్లు. రెండోది తూర్పు నుంచి ఉత్తరం వైపు తిప్పాల్సిన డిగ్రీలు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ తారకేశ్వరరావు గర్జించాడు.

"దూరానికి మైనస్ ఏమిటయ్యా? కంగారులో వాగాడు. నూటనలభై అంటే వాయవ్యం, కొండలు. కమాండోలు బయల్దేరారు."

"మైనస్ అంటే ఎదురు దిక్కు సార్. నూటనలభైకి నూట ఎనభై కలపండి. మూడువందల ఇరవై. ఆగ్నేయం. సముద్రపు ఒడ్డు!"

"ఆవిడ మనల్ని అమ్మేసుంటే?"

"నేనొక్కణ్ణే చస్తాను."

వజ్రపుకొత్తూరు జాలరి అప్పలస్వామి డిపార్ట్‌మెంట్ ఇన్‌ఫార్మర్. చేపల వ్యాన్ స్టార్ట్ చేస్తూ వింతగా చూశాడు.

"ఏటి బాబూ, అందరూ కొండకెల్తంటే మనం ఒడ్డుకా?"

"పోనియ్ మావా!"

కొబ్బరితోట చివర రేకుల షెడ్. కాపలావాడు తుపాకీ ఎత్తేలోపే యుగంధర్ వాడి మెడ విరిచాడు. రెండోవాడి కత్తి అతని భుజాన్ని చీల్చింది. వాణ్ణి గోడకేసి బాది, పాయింట్ బ్లాంక్‌లో కాల్చాడు.

లోపల మోహిని కుర్చీకి కట్టేసి ఉంది. చిట్లిన పెదవి నుంచి రక్తం సిల్కు చీర మీద పడుతోంది.

"నువ్వు పంపిన మెసేజ్ మాకూ దొరికింది," కోర్విన్ నవ్వుతున్నాడు. "దిక్కే తప్పు చెప్పావు. మీవాళ్ళు కొండల్లో తిరుగుతున్నారు."

గుమ్మంలో యుగంధర్‌ని చూడగానే ఆ నవ్వు చచ్చిపోయింది. కాల్చాడు. తూటా యుగంధర్ చెవిని కోసుకుంటూ పోయింది. కోర్విన్ బటన్ నొక్కేశాడు. బాంబుతో డ్రోన్ బరువుగా లేచి బయటికి దూసుకుపోయింది. మోహిని కుర్చీతో సహా కోర్విన్ మోకాళ్ళ మీదికి ఉరికింది. వాడు పడ్డాడు. లేచేలోపు యుగంధర్ తూటా వాడి నుదుట్లో దిగింది.

"మావా, వల!"

అప్పలస్వామి వల విసిరాడు. డ్రోన్ రెక్కలు చిక్కుకుపోయాయి. వలతో సహా తూలుతూ కెరటాల మీదికి పోయి పేలింది. షెడ్ రేకుల మీద ఇసుక వాన కురిసింది.

"ఓలమ్మో, కొత్త వల బాబూ!" ఇసుకలోంచి లేస్తూ లబోదిబోమన్నాడు అప్పలస్వామి.

యుగంధర్ కట్లు కోశాడు. మోహిని అతని ఇయర్‌పీస్ లాక్కుంది.

"ఆ మైనస్ ఎందుకమ్మా?" చీఫ్ గొంతు నీరసంగా వినిపించింది.

మోహిని నోట్లోని రక్తం ఉమ్మేసింది.

"కోర్విన్‌కి లెక్కలు రావని తెలుసు సార్. మీకూ రావని తెలీదు."