తీసేసిన విశ్రాంతి

కరోనా రెండో వేవ్ తగ్గుతున్న రోజులు. థియేటర్లు ఇంకా తెరవలేదు. రిలీజు కాని సినిమాలు వరసపెట్టి కోకాపేటలోని మా స్ట్రీమింగ్ ఆఫీసుకు వచ్చేవి. నిర్మాతలు అమ్మేవారు, మేం యాప్‌లో పెట్టేవాళ్ళం. వాటిని ఇంట్లో చూసుకునేట్టు సరిచేయడం నా పని. ముందుగా 'విశ్రాంతి' అన్న కార్డు కోసేయాలి. సోఫాలో కూర్చుని చూసేవాళ్ళకి ఇంటర్వెల్ ఎందుకు?

ఆ రోజు వచ్చిన సినిమాకి శబ్దాలు కూర్చింది మా ఆయన వంశీ. "దీన్ని మాత్రం హాల్లో, జనం మధ్య కూర్చుని చూడాలి దేవీ" అనేవాడు. మే నెలలో పోయాడు. ఆసుపత్రిలో ముఖం కూడా చూపించలేదు. నాకు ఏడుపు రాలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టాను, అంతే.

ఈ సినిమా పనీ అలాగే చేశాను. కార్డు కోసేసి, చివరిసారి సరిచూడ్డానికి ఆఫీసులోని చిన్న ప్రివ్యూ హాల్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండు. చీకటి, ఏసీ చలి, శానిటైజర్ వాసన. తలుపు బయట హౌస్‌కీపింగ్ ఐలయ్య నేల తుడుస్తున్నాడు.

గంటా పది నిమిషాలకు, కార్డు ఉండాల్సిన చోటు దాటింది. కథ ఆగకుండా సాగిపోయింది.

వెనక టప్‌మంది.

మనిషి లేస్తే మడత సీటు పైకి లేచే చప్పుడు.

టప్... టప్... టప్...

చెప్పుల చప్పుడు నడవలోకి దిగింది. తలుపు తెరుచుకుంది. వెలుతురులో ఎవరూ లేరు. ఐలయ్య ఒక్కడే, గోడకి అతుక్కుపోయి.

"మేడం... లోపల ఎంతమంది ఉండిరి?" గుసగుసగా అడిగాడు.

"నేనొక్కదాన్నే."

"మరి నన్ను తోసుకుంట పోయింది ఎవలు?"

పారిపోవాలి. లేవాలనిపించలేదు. సినిమా నడుస్తూనే ఉంది.

పది నిమిషాలకు తలుపు మళ్ళీ తెరుచుకుంది. అడుగులు తిరిగొచ్చాయి. సీట్లు ఒక్కొక్కటే వాలాయి. చివరి వరసలో... మధ్యలో... సరిగ్గా నా వెనక...

ఆ తర్వాత నా పక్క సీటు. మెల్లగా.

నేను తిరగలేదు. తెరనే చూశాను. తెర మీద పిడుగు పడబోయే ప్రతిసారీ, అది పడకముందే, పక్కన ఎవరో ఊపిరి బిగబట్టారు.

సినిమా అయింది. లైట్లు వేశాను. సీట్లన్నీ మడిచే ఉన్నాయి, నా పక్కది తప్ప. రిపోర్టులో 'లోపాలు లేవు' అని రాశాను.

ఐలయ్య బిక్కుబిక్కుమంటూ లోపలికి వచ్చి, ఆ సీటును పైకి నెట్టాడు. లేవలేదు. ఇంకాస్త గట్టిగా నెట్టాడు.

చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు.

"మాఫ్ చెయ్యి సారూ..." అన్నాడు, నా వైపు చూడకుండా.